తాటిమెట్ట బస్సు ఖాళీగా వెళ్ళదు

పోయిన నెల మా కాలనీ బస్సుకి కొత్త బోర్డు పెట్టారు. రంగుతో రాసిన రేకు బోర్డు తీసేసి, ఎర్ర లైట్ల అక్షరాలు కదిలే బోర్డు బిగించారు. 'తాటిమెట్ట' అన్న పేరు కుడివైపు మొదలై, ఎడమవైపుకి జరిగి, మాయమై, మళ్ళీ వస్తుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు మా కాలనీ పెద్దాయన గుర్తొచ్చాడు. బతికి ఉంటే డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్ళి, పిడికిలి బిగించి పైకెత్తి, "పేరు పారిపోతన్నాది బావా, నిలబెట్టు దాన్ని" అనేవాడు.

పిడికిలి ఎత్తితే ఆగమని అర్థం. స్టీల్ ప్లాంట్‌లో ఆయన చేసిన పని అదే. క్రేన్ నడిపే మనిషి పైన క్యాబిన్‌లో ఉంటాడు. కింద ఏముందో అతనికి సరిగ్గా కనబడదు. కింద నిలబడ్డ మనిషి చేతులతో సైగ చేస్తే దాన్నిబట్టి బరువు ఎత్తుతాడు, దించుతాడు, ఆపుతాడు. ఆ కింద నిలబడే మనిషి ఈయన. రిటైరయ్యాక కూడా ఆ చేతులు డ్యూటీ దిగలేదు. టీ ఇంకాస్త పొయ్యమంటే చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పేవాడు. చాలంటే పిడికిలి. భార్య గొంతు పెంచితే, అరచేయి నేలవైపు పెట్టి నెమ్మదిగా కిందికి దించేవాడు.

"నన్ను ఇనపదూలాన్ని దించినట్టు దించుతన్నాడు సూడమ్మా" అని ఆవిడ మా అమ్మకి చెప్పుకునేది.

మగవాళ్ళందరినీ 'బావా' అనేవాడు. మా నాన్న ఆయనకి బావ. నేనూ బావనే. రామాలయం పూజారి బావ, గ్యాస్ బండి తెచ్చేవాడు బావ. నాకు చిన్నప్పట్నుంచీ ఏదైనా వరసగా రాసుకుని చూసే అలవాటు. ఒకసారి ఈ వరసలన్నీ కాగితం మీద వేసి చూస్తే, నేను మా నాన్నకి తోడల్లుడినో మరేదో అవుతున్నాను. ఆ సంగతి చెప్తే, "కాయితం మీద పెట్టకూడదు బావా. కాయితం మీద పెడితే సుట్టరికం నిలబడదు" అన్నాడు. నేను మాత్రం ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి. మా అమ్మని ఆయన 'అప్పా' అనేవాడు, అంటే అక్కా అని. అమ్మ 'అన్నయ్యగారూ' అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేలలేదు.

తాటిమెట్ట అంటే కొండకీ ప్లాంట్ గోడకీ మధ్య ఆరు వీధులు. మొదటి రెండు వీధుల్లో ప్లాంట్‌కి భూములిచ్చి ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు. మూడు, నాలుగు వీధుల్లో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి పోర్టు ఉద్యోగాలకీ ప్లాంట్ ఉద్యోగాలకీ వచ్చి స్థలాలు కొనుక్కున్నవాళ్ళు. మేం నాలుగో వీధి. అయిదో వీధిలో పద్మనాభం వైపు నుంచి, ఇంకా అటు విజయనగరం పల్లెల నుంచి వచ్చి అద్దెకుండేవాళ్ళు. ఆరో వీధిలో కాంట్రాక్టు పనివాళ్ళు. వీళ్ళలో ఎవరూ ఇక్కడ పుట్టి పెరిగిన మనుషులు కారు. అందువల్ల ఎవరు ఎవరన్నది ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని ఆయన రామాలయం మైకులో చేసేవాడు.

పొద్దున్న సుప్రభాతం అయ్యాక మైకు మీద వేలికున్న రాగి ఉంగరంతో రెండు దెబ్బలు కొట్టేవాడు. తర్వాత దగ్గు. తర్వాత, "మన తాటిమెట్ట జనానికి తెలియజేయునది." అక్కడిదాకా పుస్తక భాష. ఆ తర్వాత సొంత భాష. కుళాయి ఎన్నింటికి వస్తుందో, గ్యాస్ బండి ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. అసలు సంగతి ఆఖర్న ఉండేది. కొత్తగా ఎవరైనా అద్దెకి దిగితే, "అయిదో ఈదిలోకి ఒక కుటుంబం దిగీసింది. ఆయన పోర్టులో పని సేత్తాడు. ఇద్దరు పిల్లోలు. పాలు ఎవురు పోత్తారో ఎల్లి మాటాడుకోండి. ఈల్లతో కలిపి మనం ఇంతమందిమి అయ్యాం" అని ఒక అంకె చెప్పేవాడు.

మేం దిగినప్పుడు కూడా చెప్పాడట. నేను అప్పటికి ఒళ్ళో పిల్లాణ్ణి. "నాలుగో ఈదిలోకి గుంటూరోల్లు వచ్చీసినారు" అన్నాడట. మాది కృష్ణా జిల్లా. మా అమ్మకి ఆ రోజు అన్నం సయించలేదు. సాయంత్రం నాన్నని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, మాది కృష్ణా అండీ. గుంటూరు కాదు."

"రెండూ పక్క పక్కనే కదేటి అప్పా."

"మధ్యలో కృష్ణానది ఉందండీ!"

"అయితే మరీ దగ్గిర. రేపు మైకులో దిద్దీస్తాన్లే."

దిద్దలేదు. మర్నాడు కుళాయి రాలేదు, ఆ గొడవలో మర్చిపోయాడు. ఆ తర్వాత అమ్మ ఎన్నిసార్లు గుర్తు చేసినా పిడికిలి ఎత్తి, "దిద్దీస్తాన్లే అప్పా" అనేవాడు. మా ఇల్లు ఇప్పటికీ మొదటి వీధివాళ్ళకి 'గుంటూరోళ్ళిల్లు'.

మైకులో చెప్పడం ఒట్టి మర్యాద కాదని నాకు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో తెలిసింది. మా వీధి చివరింట్లో ఒరిస్సా నుంచి వచ్చిన కుటుంబం దిగింది. పక్కింటాయన ఇల్లుగలాయన మీదికి తగువుకి వెళ్ళాడు. సామాను ఇంకా వాకిట్లోనే ఉంది. ఆ ఆడమనిషి చంటిపిల్లని ఎత్తుకుని ట్రంకుపెట్టె మీద కూర్చుంది. మాటలు అర్థం కాకపోయినా తగువు తన గురించేనని ఆమెకి తెలుస్తోంది. ఈయన అటుగా వచ్చి విన్నాడు. నేరుగా రామాలయానికి వెళ్ళాడు. అది పొద్దున్న కాదు, మైకు పెట్టే వేళ కాదు. ఉంగరంతో రెండు దెబ్బలు వినబడ్డాయి.

"నాలుగో ఈదిలోకి ఒక కుటుంబం దిగీసింది..."

తిరిగొచ్చేసరికి పక్కింటాయన అక్కడే ఉన్నాడు. "ఏంటండీ ఇది? రేపట్నుంచి ఆ ఎండుచేపల వాసన ఎవరు భరిస్తారు?"

"ఎండుసేపల వాసనకి ముక్కు మూసుకునీ మనిషి వైజాగు ఎందుకొచ్చీసినాడు బావా? అయినా మైకులో సెప్పీసినాను. అంకె కూడా సెప్పీసినాను. ఇంక ఎనక్కి తియ్యడం అవ్వదు."

ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది. ట్రంకుపెట్టె మీది చంటిపిల్ల నర్సింగ్ చదువుతోంది.

ఇక ఆ అంకె సంగతి. ఆయన లెక్కలో కూడికే గానీ తీసివేత లేదు. పుట్టినవాళ్ళని కలిపేవాడు, దిగినవాళ్ళని కలిపేవాడు. చనిపోయినవాళ్ళని తీసేవాడు కాదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళనీ, పెళ్ళయి అత్తారిళ్ళకి వెళ్ళిన ఆడపిల్లల్నీ తీసేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, సెలవురోజుల్లో ఇంటింటికీ తిరిగి సొంతంగా లెక్క కట్టాను. మా ఇద్దరి లెక్కలకీ ఒక వీధి జనమంత తేడా వచ్చింది. వెళ్ళి చెప్పాను.

"పోయినోల్లని తీసీమంటావేటి?" అన్నాడు.

"జనాభా అంటే ఉన్నవాళ్ళు కదా మావయ్యా."

"పెల్లైన గుంటలు పుట్టింటికి రారా?"

"వస్తారు."

"వత్తే ఎలగొత్తారు? బస్సుకేగా? మరి బస్సు అడగాలంటే ఆల్లని లెక్కెట్టద్దేటి?"

"సరే, చనిపోయినవాళ్ళ మాటేంటి?"

"ఆల్లని నోటితో తీసీలేను బావా. నువ్వు కాయితం మీద తీసీ" అన్నాడు.

నా లెక్కే సరైనది. ఇప్పటికీ అదే అంటాను. కానీ బస్సు అన్న మాట ఆయన ఊరికే అనలేదు.

సిటీ బస్సు అప్పట్లో జంక్షన్‌లోనే తిరిగిపోయేది. అక్కణ్ణుంచి తాటిమెట్టకి నడక, లేదంటే నిండితే గానీ కదలని ఆటో. అందరికీ అది కాళ్ళనొప్పి. ఆయనది వేరే నొప్పి. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు ప్లాంట్ గోడ లోపల ఎక్కడో ఉంది. ఆ ఊరి పేరుతో ఒకప్పుడు బస్సు తిరిగేదట. "ఇల్లు పడగొట్టిన్నాడు కూడా మా ఊరు పోనాదని నాకు అనిపించలేదు బావా. తర్వాతొకనాడు అదే బస్సు వచ్చినాది. బోర్డు మీద ఇంకో పేరున్నాది. అప్పుడు పోనాది" అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో అన్నాడు. బతికుండగా తాటిమెట్ట అన్న పేరు బస్సు మీద చూడాలి. ఆయనకి కావలసింది అది.

ఇద్దరం డిపోకి వెళ్ళాం. అక్కడి అధికారి జనాభా ఎంతని అడిగాడు. నేను కాగితం అందించాను. ఈయన నోటితో తన అంకె చెప్పాడు. ఆ అధికారి కాగితం చూసి, ఈయన్ని చూసి, "రెండిట్లో ఏది నిజం?" అన్నాడు.

"రెండూ నిజిమే బావా. ఈ బావది ఇవాల్టి లెక్క. నాది మొత్తం లెక్క."

ఆ అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "ఈ రెండూ నాకొద్దు. వారం రోజులు బస్సు వేస్తాను. రోజుకి నాలుగు ట్రిప్పులు. జనం ఎక్కితే ఉంటుంది, లేకపోతే లేదు. ఒక ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడు" అన్నాడు.

ఆదివారం పొద్దున్న మైకు మోగింది. "రేపు మన బస్సు వత్తాది. మొదటి బస్సుకి ఇంటికొకరు కాదు, అందరూ రావాల. మోటారు సైకిల్లు ఎవురూ తియ్యకండి. పని లేపోయినా ఎక్కాల. ఇది మన పరువు."

ఆ మాట అందరూ అక్షరాలా పాటించారు. సోమవారం పొద్దున్న బస్సు కొండ దిగి వచ్చింది. రేకు మీద తెల్ల రంగుతో తాటిమెట్ట. ఆయన దాని ముందు నిలబడి బోర్డుని ఒకటికి రెండుసార్లు చదివి, బస్సు వెనక్కి వెళ్ళి, సైగలు మొదలుపెట్టాడు. చివర రామాలయం పక్కన జాగా ఇరుకు, డ్రైవర్ వెనక్కి తీసి తిప్పుకోవాలి. రెండు అరచేతులతో రమ్మని, ఒక చేత్తో పక్కకి తిప్పి, గోడకి జానెడు దూరంలో పిడికిలి. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కడ నేర్చుకున్నావు తాతా?" అన్నాడు. బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండింది. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, నైట్ డ్యూటీ దిగి నిద్రమొహంతో ఉన్నవాళ్ళు, పూజారి, అందరూ. మిగిలినవాళ్ళు వెనక ఆటోలెక్కి జంక్షన్ దాకా వెళ్ళి, అక్కడ అదే బస్సు ఎక్కడానికి వేలాడారు. నేను ఆ రోజు సెలవు పెట్టి ఆయనతో ఆగాను.

పదింటికి రెండో బస్సు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దిగాడు. బస్టాపులో నేనూ ఆయనా తప్ప మనిషి లేడు. ఇన్‌స్పెక్టర్ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒక వీధి చూసి వచ్చాడు. తలుపులన్నీ తాళాలే.

"ఏమండీ, ఊళ్ళో జనం ఎక్కడ?"

"ఆల్లంతా మీ బస్సులోనే ఉన్నారు బావా."

"ఏ బస్సులో?"

"పొద్దున్న దాంట్లో."

ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకున్నాడు. పదింటి బస్సు నాతో వెళ్ళింది. రెండింటి బస్సు నాతో, ఇంకొకరితో తిరిగొచ్చింది. సాయంత్రం బస్సులో ఊరు ఊరంతా ఒకరి మీదొకరు పడుతూ, పూర్ణా మార్కెట్ సంచులతో దిగింది. బస్సు నిలబెట్టేశామని అందరూ సంబరపడుతున్నారు. ఆయన ఒక్కడే గట్టు మీద కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. నాలుగు ట్రిప్పుల్లో రెండు ఖాళీ. ఇలా ఇంకో రెండు రోజులు సాగితే బోర్డు దిగిపోతుంది. ఆ సంగతి ఆయనకీ నాకూ తెలుసు.

కాసేపటికి లేచాడు. ప్లాంట్‌లో సాయంత్రం సైరన్ మోగింది. అది విని లేచాడో, ముందే అనుకున్నాడో చెప్పలేను. మైకు దగ్గరికెళ్ళి ఉంగరంతో కొట్టాడు.

"మన తాటిమెట్ట జనానికి తెలియజేయునది. ఇవాల అందరం ఒకే షిఫ్టుకి ఎల్లిపోనాం. అలగైతే ప్లాంటు నడుస్తాదేటి? రేపట్నుంచి షిఫ్టులు. ఒకటో ఈది, ఆరో ఈది 'ఏ' షిఫ్టు, పొద్దున్న బస్సు. మూడు, నాలుగు ఈదులు జనరల్ షిఫ్టు, పదింటి బస్సు. రెండో ఈది బీ షిఫ్టు, రెండింటిది. అయిదో ఈది సీ షిఫ్టు, సాయంత్రంది. ఎవురి షిఫ్టు ఆల్లు తప్పకూడదు."

ఇంకో వివరం అక్కర్లేకపోయింది. మా కాలనీలో షిఫ్టు అంటే ఏమిటో అర్థంకాని ఇల్లు లేదు. అన్నం వండే వేళ, బట్టలారేసే వేళ, పిల్లల్ని అరవనిచ్చే వేళ కూడా ఇంట్లో మనిషి షిఫ్టుని బట్టే. మర్నాడు పదింటికి మూడో వీధీ నాలుగో వీధీ బస్టాపులో నిలబడ్డాయి. మా అమ్మ ఒక్కతే వాకిట్లో నిలబడి వాదిస్తోంది.

"నాకు ఊళ్ళో పనేముందన్నయ్యగారూ?"

"పని లేపోతే కల్పించుకో అప్పా. పూర్ణా మార్కెట్టుకెల్లి కరేపాకు తెచ్చుకో."

"కరివేపాకు కోసం వన్ టౌన్ దాకానా!"

"ఆడ కరేపాకు వేరు."

"ముందు మైకులో కృష్ణా అని దిద్దండి, ఎక్కుతాను."

"బస్సు నిలబడనీ. అప్పుడు దిద్దీస్తాను."

అమ్మ ఎక్కింది. ఆ వారం తాటిమెట్ట జనం ఏ ఏ పనుల మీద ఊళ్ళోకి వెళ్ళారో నేను రాసి పెట్టుకున్నాను. కత్తెర సాన పట్టించడానికి ఒకాయన. కొనే ఉద్దేశం లేకుండా బంగారం ధర అడగడానికి ఇద్దరు ముసలమ్మలు. హార్బర్‌లో ఏ ఓడ వచ్చిందో చూసి రావడానికి నలుగురు రిటైరైనవాళ్ళు. పూజారి జోళ్ళు కుట్టించుకోవడానికి, మర్నాడు మళ్ళీ అవే జోళ్ళు కుట్టించుకోవడానికి. బుధవారానికి సంగతి పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలకి తెలిసింది. గాజువాక నుంచీ మల్కాపురం నుంచీ పిల్లలతో పుట్టింటికి వచ్చి, తమ వీధి షిఫ్టులో ఎక్కి తిరిగి వెళ్ళారు. ఆయన నా వైపు చూసి చూపుడువేలు పైకి పెట్టి తిప్పాడు. లెక్క పైకి ఎత్తమని.

బస్సు నిలబడింది. మైకులో కృష్ణా అని మాత్రం దిద్దలేదు.

ఆ తర్వాత ఆయన రోజు ఆ నాలుగు ట్రిప్పుల చుట్టూ తిరిగింది. డ్రైవర్ రామాలయం ముందుకొచ్చి రెండు హారన్లు కొట్టేవాడు. ఈయన భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ అరుగు దిగి, వెనక నిలబడి సైగ చేసేవాడు. బస్సు కదిలేముందు కిటికీల్లోంచి లోపలికి చూసేవాడు. ఎవరూ లేకపోతే అరుగు మీదున్న వాళ్ళలో ఒకరిని లేపి ఎక్కించేవాడు. "జంక్షన్ దాకా ఎల్లి రా బావా. ఖాలీగా ఎల్లకూడదు." డ్రైవర్లు మారారు, హారన్లు మారలేదు.

ఈ కొత్త బోర్డు రావడానికి కొన్నాళ్ళ ముందే, ఒక బుధవారం తెల్లవారకముందే గుండెపోటుతో పోయాడు. మైకులో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషే లేడు. అయినా ఎనిమిదయ్యేసరికి ఆరు వీధులూ వాళ్ళింటి ముందున్నాయి. పద్మనాభంలో ఉన్న కూతురు రావాలని ఎదురుచూస్తున్నారు. ఆడవాళ్ళు లోపల, మగవాళ్ళు బయట షామియానా కింద. మా అమ్మ ఆయన భార్య పక్కన కూర్చుంది.

పొద్దున్న బస్సు ఆ రోజు రాలేదు. పదింటికి రామాలయం ముందు రెండు హారన్లు మోగాయి.

ఎవరూ కదల్లేదు. డ్రైవర్‌కి సంగతి తెలియదు. కాసేపాగి మళ్ళీ రెండు. లోపల ఏడుపులు ఆగిపోయాయి. ఆయన భార్య తలెత్తి వాకిలివైపు చూసింది, ఇప్పుడు అరుగు దిగుతాడన్నట్టు.

మా అమ్మ లేచింది. చావింటికి వెళ్తే తలస్నానం చేయకుండా మా ఇంటి గడప కూడా తొక్కని మనిషి. ఎదురుగా ఎవరైనా వస్తే తగలకుండా పక్కకి తప్పుకుంటుంది. ఆవిడ ఆ చీరతోనే, చెప్పులు వెతుక్కోకుండా, అందరి మధ్యలోంచి బయటికి వచ్చింది. నన్ను చూసి, "రా. జనరల్ షిఫ్టు మనది" అంది.

నేను బస్సు వెనక్కి వెళ్ళాను. రెండు అరచేతులతో రమ్మని, ఒక చేత్తో తిప్పి, గోడ దగ్గర పిడికిలి ఎత్తాను. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, తర్వాత షామియానా చూసి, స్టీరింగ్ మీద తల వాల్చాడు. కాసేపటికి తిప్పాడు. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కి చూపించాల్సిన కార్డు లేదు, పర్సు లేదు. ఇద్దరికీ నేనే టికెట్ తీశాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"ఎక్కడికీ కాదు బాబూ. జంక్షన్ దాకా వెళ్ళి వస్తాం."

బస్సు కొండ ఎక్కింది. మలుపులో కాలనీ అంతా కిందికి కనబడింది. ఆరు వీధులు, రామాలయం, దాని మీద మైకు. "ఇంకేం దిద్దుతాడు! గుంటూరు గుంటూరుగానే ఉండిపోయింది" అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది.

జంక్షన్‌లో దిగకుండా అదే బస్సులో వెనక్కి వచ్చాం. అమ్మ రామాలయం కుళాయి కింద కాళ్ళు కడుక్కుని, మళ్ళీ ఆ ఇంట్లోకి వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య నిలబడింది.

"రెండింటి బస్సు రెండో వీధిదండీ. ఎవరెళ్తున్నారు?"

గోడవారగా కూర్చున్న ఇద్దరు చేతులెత్తారు.